గదిలో ఉన్నవారు

పాట ఒకరి తలలో పుట్టదనీ, అది గదిలోకి వస్తుందనీ, వచ్చిన సమయానికి ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో వారందరికీ సమానంగా చెందుతుందనీ నాష్‌విల్ పాటగాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఒకరు పల్లవి మొత్తం చెప్పి ఉండవచ్చు, మరొకరు కాఫీ కలిపి ఇచ్చి ఊరుకుని ఉండవచ్చు. పాట కింద ఇద్దరి పేర్లూ ఒకే వరసలో పడతాయి. ఎవరు ఎన్ని మాటలిచ్చారని విచారించడం అక్కడ మర్యాద కాదు. ఈ నమ్మకంలో కొంత వివేకం లేకపోలేదు. మర్నాడు మళ్లీ అదే మనిషి ఎదుట కూర్చుని పని చేయవలసినవారు నిన్నటి మాటలను తూకం వేసుకుంటూ పోతే రేపటి పాట రాదు. కాని ఏ నియమమైనా తాను పుట్టిన గదికే సరిపోతుంది. ఈ నియమాన్ని ఏర్పరచుకున్నవారు పని కోసం తలుపు తీసుకుని లోపలికి వచ్చి, పని ముగిశాక తలుపు మూసుకుని వెళ్లిపోయేవారు. అంట్లు తోముతూ పాట కట్టే మనిషి వారి ఊహలో లేదు.

రోండా స్టాంపర్ అంట్లు తోముతూనే పాటలు కట్టేది. కెంటకీ తూర్పు కొండల మధ్య బెల్చర్ ఫోర్క్ అనే చిన్న ఊళ్లో, వారమంతా బడి వంటశాలలో పిల్లలకు భోజనాలు వండి వడ్డించి, శని ఆదివారాల్లో వ్యాను వేసుకుని వెళ్లి పాడేది. అగ్నిమాపక కేంద్రం వారి విందుల్లో, పశువుల సంతల్లో, మాజీ సైనికుల హాళ్లలో, ఎవరు పిలిస్తే అక్కడ. ఆమె వెనుక ఏ కంపెనీ లేదు. పాట ఆమెదే, గొంతు ఆమెదే, వ్యాను తోలడం, స్పీకర్లు మోయడం, పిలుపుల కోసం ఫోన్లు చేయడం, చలికోట్లు వేలాడే అలమరలో తలుపు మూసుకుని రికార్డు చేయడం, ఆ సీడీలను కచేరీ అయిపోయాక బల్ల మీద పరచి అమ్మడం కూడా ఆమె పనే. భర్త ట్రెంట్ పక్కన నిలబడి గిటారు వాయిస్తాడు. బాగా వాయిస్తాడు; ఆ మాట చెప్పకపోవడం అన్యాయం. కచేరీ ముగిశాక తీగలు తుడుచుకుని, గిటారు పెట్టెలో పెట్టుకుని, జనం దగ్గరికి వెళ్లి కబుర్లు చెబుతాడు. ఆ సమయంలో రోండా వైర్లు చుడుతూ ఉంటుంది. "మీ ఆయన ఎంత కలుపుగోలు మనిషి" అని ఆమెతో ఎవరో ఒకరు ప్రతి ఊళ్లోనూ అంటారు. ఆమె వైరు చుట్ట భుజానికి తగిలించుకుని అవునంటుంది.

గదిని గురించిన ఆ నియమం వారి ఇంట్లోకి గ్రంథాలయం గుండా వచ్చింది. జెనీవా క్రౌచ్ అనే పెద్దావిడ నాష్‌విల్‌లో చాలాకాలం పాటలు రాసి, ఇప్పుడు ఊరూరా తిరిగి కొత్తవారికి పాఠాలు చెబుతుంది. ఆమె ఒక శనివారం ఆ ఊరి గ్రంథాలయంలో పూటంతా కూర్చుని పాఠం చెప్పింది. రోండా అన్నీ శ్రద్ధగా విన్నది. ఆమెను తీసుకువెళ్లడానికి వచ్చిన ట్రెంట్ వెనుక వరసలో నిలబడి ఈ నియమాన్ని గురించిన చివరి మాటలు మాత్రమే విన్నాడు, కాని వాటినే గట్టిగా పట్టుకున్నాడు. తిరిగి వస్తుండగా వ్యానులో, "మన వంటిల్లు కూడా గదే కదా" అన్నాడు. అతడు వేళాకోళం ఆడుతున్నాడనుకుని రోండా నవ్వింది. ఆ నవ్వును తరవాత చాలాసార్లు తలచుకుంది. అప్పుడు నవ్వకుండా ఉండి ఉంటే అనే ఆలోచన వల్ల ప్రయోజనం లేదని తెలిసి కూడా తలచుకుంది.

ఆ నియమానికి మొదట చిక్కిన పాట ఆమె తండ్రి మీద కట్టినది. ఆయన జీవితమంతా రొట్టెల బండి తోలాడు. ఊరు లేవక ముందే లేచి, కొండదారుల్లో ఒక్కొక్క కొట్టు ముందూ రొట్టెల పెట్టె దింపి, ఇంటికి వచ్చేసరికి కూతురు బడికి పోతూ ఉండేది. ఆయన చేతులను వాసన చూసి ఆ రోజు ఏ రొట్టె దించాడో చెప్పడం ఆమె చిన్ననాటి ఆట. ఆయన పోయిన తరవాతి వేసవిలో, వంటగది బల్ల దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఆ చేతుల వాసన మీద పాట మొత్తం ఒక్క కూర్చోవడంలో కట్టింది. ట్రెంట్ ఎదురుగా కూర్చుని గిటారుకు కొత్త తీగలు బిగించుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి, "'వాసన' బదులు 'ఘాటు' అంటే ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఆమె వద్దంది. పాట కింద రెండు పేర్లు పడ్డాయి. "నేను గదిలో ఉన్నాను కదా" అన్నాడతను, చాలా శాంతంగా, ఆ నియమాన్ని తనే బాధతో పాటిస్తున్నట్టుగా. రోండా పెదవి విప్పేలోగా టీవీ ముందు కుర్చీలోంచి అత్తగారు వెర్నా కలగజేసుకుంది. "రెండు పేర్లూ స్టాంపరే కదా, దానికింత ముఖం మాడ్చుకోవడం దేనికి? నీకు ఆ పేరిచ్చింది కూడా వాడే."

తరవాత ఆ పాట కొంచెం పేరు తెచ్చుకుంది. పక్క పట్టణపు రేడియోవారు ఇద్దరినీ పిలిచారు. పాట ఎలా పుట్టిందని అడిగినప్పుడు అక్కడి కుర్రవాడు మైకును ట్రెంట్ వైపు తిప్పాడు, ట్రెంట్ చెప్పాడు. మామగారి చివరి రాత్రి, ఆ ఆస్పత్రి గది, చెరొక చేయీ పట్టుకుని కూర్చున్న తామిద్దరూ. గొంతు సరిగ్గా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. ఆ రాత్రి అతడు మిత్రులతో కలిసి సరస్సు మీద చేపలు పడుతున్నాడని, సిగ్నలు అందని అతడి ఫోను రెండు కొండల అవతల పడవలో ఉందని రోండాకు తెలుసు. ఆమె పక్కన కూర్చుని చిరునవ్వు నవ్వుతూనే ఉంది, ఎందుకంటే ఎదురుగా ఒక కెమెరా కూడా ఉంది. ఇంటికి వచ్చాక, అలా ఎందుకు చెప్పావని అడిగింది. "బంగారం, వాళ్లకు ఒక కథ కావాలి. నువ్వు చెబితే ఏడుస్తావు, వినలేక చస్తారు" అన్నాడు. అతడు ఆమెను బంగారం అని పిలిచేది పదిమందిలోనూ, తప్పు చేసినప్పుడూనూ.

ఆ తరవాత ఆమె ఒక విషయం గమనించింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె పని చేసుకుంటూ కూనిరాగం తీస్తే, అవతలి గదిలో టీవీలో బంతాట చూస్తున్న ట్రెంట్, "కాస్త ఆపుతావా, బంతి ఎక్కడికి పోయిందో వినబడలేదు" అనేవాడు. ఆ నియమం ఇంట్లోకి వచ్చాక అలా అనడం మానేశాడు. కూనిరాగం వినబడగానే టీవీ శబ్దం తగ్గేది, కాసేపటికి అతడు కాఫీ కప్పు పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనవలసిన అవసరం లేదు, ఉండడమే చాలు. రోండా ఇది తన అపోహేమో చూద్దామని, ఒకరోజు పెరట్లో దుప్పట్లు ఆరవేస్తూ గట్టిగా రాగం తీసింది. అతడు పెరటి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. మరొక రోజు వ్యాను కడుగుతూ పాడింది. వచ్చాడు, ఒక బకెట్టు మీద కూర్చున్నాడు, వ్యాను కడగడానికి మాత్రం చేయి వేయలేదు. ఇక ఆమె పాడడం మానేసింది. మాటలు లోపలే కూడుకునేవి, రాగం లేక కొన్నాళ్లకు అక్కడే ఎండిపోయేవి. అదే ఆమెకు భయమేసిన సంగతి. పేరులో సగం పోతే పోయింది; అతడు రాని గది ఒకటి దొరక్కపోతే ఇకమీదట పాటే రాదు.

అతడు రాని గది ఆ ఇంట్లో ఒకటి ఉంది.

ఇంటి వెనుక భాగంలో ఉన్న ఆ గదిని రోండా ఒకప్పుడు తన రికార్డింగు గది చేసుకుందామనుకుంది. సొంతంగా సున్నం వేసి, గోడలకు పాత కంబళ్లు కొట్టింది. అక్కడ ఒక్క పాటైనా రికార్డు చేయకముందే, రెండేళ్ల కిందట, వెర్నాకు పక్షవాతం వచ్చి, కుడి చేయీ కుడి కాలూ పడిపోయాయి. ట్రెంట్ తన తల్లి మంచాన్ని మిత్రుల సాయంతో మోసుకొచ్చి ఆ గదిలో వేశాడు, ఆ పూట బయటికి వచ్చినవాడు మళ్లీ ఆ గది గడప దాటలేదు. అమ్మను అలా చూడలేననేవాడు, తనది మెత్తని మనసనేవాడు, ఆ వాసన తనకు పడదనేవాడు. గుమ్మం అవతల నిలబడి "అమ్మా, బాగున్నావా?" అని అడిగి, జవాబు వచ్చేలోగా వెళ్లిపోయేవాడు. చర్చిలో పాస్టరు ఒక ఆదివారం అతడి పేరు చెప్పి, కన్నతల్లిని ఇంట్లోనే పెట్టుకున్న కొడుకును చూడండని అందరికీ చూపించాడు. రోండా ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా.

వెర్నాను జనం మిస్ వెర్నా అంటారు. రోండా కూడా అలాగే పిలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి అమ్మా అని పిలిస్తే, "మిస్ వెర్నా చాలులే" అంది ఆవిడ, మొక్కజొన్న రొట్టె కోస్తూ, తల ఎత్తకుండా. పక్షవాతం ఆమె ఒంట్లో సగాన్ని తీసుకుంది కాని నాలుకను ముట్టుకోలేదు. పొద్దున రోండా కిటికీ తెర తీయగానే వెర్నా కళ్లు తెరిచి అనే మొదటి మాట ఒకటే: "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" ఒళ్లు తుడుస్తుంటే, నీళ్లు చల్లగా ఉన్నాయనేది. వెచ్చబెట్టి తెస్తే, తోలు ఊడదీస్తావా అనేది. నీ చేతులు గరుకనేది. ఆ చేతులు రోజూ బడి వంటశాలలో పెద్ద పెద్ద గుండిగలు తోమి వచ్చిన చేతులని ఆవిడకు తెలుసు; అందుకే అనేది. నా కొడుకు చిక్కిపోయాడనేది. చర్చిలో పియానో వాయించే పిల్ల వాడికి కుదిరి తప్పిపోయిందనేది. ఒకసారి పాస్టరు భార్య చూడడానికి వచ్చినప్పుడు, రోండా ఆవిడ పక్క దుప్పటి మారుస్తూ ఉండగానే, "ఈ పిల్లకు కడుపు పండలేదు. అందుకని పాటలు కంటోంది" అంది. పాస్టరు భార్య కిటికీలోంచి బయటికి చూసింది. రోండా దుప్పటి మూలలు పరుపు కిందికి దోపింది, ఆ పూట ఎప్పటికన్నా బిగువుగా.

ఏ మాటకు ఎంత బాధపడాలో ఇన్నేళ్లలో ఆమెకు ఒక అలవాటు ఏర్పడింది. అయితే పాడడం మానేసిన ఆ చలికాలంలో, ఒక ఉదయం వెర్నా వీపు తుడుస్తూ ఉండగా, ఆ తిట్లు ఒక వరసలో ఉన్నాయని ఆమెకు తోచింది. ముందు నీళ్లు, తరవాత చేతులు, తరవాత కొడుకు, చివరికి మళ్లీ ఆ మొదటి ప్రశ్న. ప్రతి రోజూ అదే క్రమం, అదే విరుపు. పద్యం చెప్పేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వెర్నా అక్కడే ఊపిరి తీసుకునేది. రోండా ఆ ఊపిరిని పట్టుకుని, తువ్వాలు పిండుతూ మెల్లగా రాగం తీసింది. బయట టీవీ శబ్దం తగ్గింది. అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. ఆ అడుగులు వెనక్కి వెళ్లిపోయేదాకా ఆమె తువ్వాలు పిండుతూనే ఉంది, అందులో నీళ్లు లేకపోయినా.

పాట కొన్నాళ్లకు ఇలా నిలిచింది:

నీళ్లు చల్లన, చేతులు గరుకు,
నా కొడుకెందుకు చిక్కాడు?
కళ్లు తెరిస్తే నీ మొహమేనా,
నువ్వింకా ఇక్కడే ఉన్నావా?

మధ్యలో మరి రెండు చరణాలున్నాయి, అవీ వెర్నా మాటలే. చివరి చరణం కూడా ఆవిడదే, కాని అది పగటి మాట కాదు. కొన్ని రాత్రులు వెర్నా భయపడేది. గోడ మీది కోటు నీడను మనిషనుకునేది. అప్పుడు పిలిచే పిలుపులో వెటకారం ఉండేది కాదు.

దీపం తీయకు, తలుపు వేయకు,
గోడ పక్కన ఎవరున్నారు?
పిల్లా, పిల్లా, పలకవేమే,
నువ్వింకా ఇక్కడే ఉన్నావా?

పాటలో జవాబు లేదు. జవాబు రాయాలని రోండా చాలా ప్రయత్నించింది. ఏది రాసినా అబద్ధంలా ఉంది, తీసేసింది. పూర్తయిన రోజున మంచం పక్కన కూర్చుని, ఫోనును రికార్డుకు పెట్టి, గిటారు మీద మెల్లగా పాడింది. వెర్నా కళ్లు మూసుకుని విన్నది.

"అవి నా మాటలు" అంది.

"అవునండీ, మీవే."

"దొంగవి."

"అవునండీ."

వెర్నా ఎడమ చేత్తో దుప్పటి సర్దుకుంది. తరవాత, "మళ్లీ పాడు. ఈసారి కొంచెం గట్టిగా. నాకు ఆ చెవి సరిగా వినబడదు" అంది.

ఆ రెండోసారి పాడినదాన్నే రోండా జెనీవా క్రౌచ్‌కు పంపించింది. జెనీవా నాష్‌విల్‌లో ఒక కాఫీ దుకాణంలో నెలకొకసారి కచేరీ పెడుతుంది. పాటలు రాసినవారు నలుగురు గది మధ్యలో ఎదురెదురుగా కూర్చుంటారు, జనం చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరూ తమ పాట ఎలా వచ్చిందో చెప్పి పాడతారు. ఆ కుర్చీ దొరకడం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారున్నారు. జెనీవా స్వయంగా ఫోను చేసింది.

"అమ్మాయ్, చివర్లో ఎవరో 'అయిపోయిందా గోల?' అంటున్నారు, ఎవరావిడ?"

"మా అత్తగారండీ."

"సరే. గదిలో ఎవరెవరున్నారు?"

"నేనూ, ఆవిడా."

"ఆవిడ రాస్తుందా?"

"మాట్లాడుతుందండీ."

జెనీవా నవ్వలేదు. రెండు పేర్లు అని మాత్రం అని, వచ్చే శనివారం సాయంత్రం వచ్చి కూర్చోమంది. ఒక్కతినే రమ్మంది.

ఆ సంగతి రోండా గురువారం భోజనాల దగ్గర చెప్పింది. ఉడికించిన చిక్కుడు గింజల మీద ఉల్లిపాయ ముక్కలు చల్లుకుంటున్న ట్రెంట్ మొదట సంతోషించాడు, నిజంగానే సంతోషించాడు. ఏ చొక్కా వేసుకోవాలో ఆలోచించాడు. ఒక్కతినే రమ్మన్నారని చెబితే, అది ఏదో పొరపాటన్నాడు. ఏ పాట అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆ పాట తాను విననే లేదన్నాడు. వినలేదంటే గదిలో లేవనే కదా అని ఆమె అంది. అతడు చెంచా కింద పెట్టాడు.

"ఇంట్లో ఉన్నాను."

"ఇంట్లో ఉన్నావు. గదిలో లేవు."

"ఆ గది ఎవరి ఇంట్లో ఉంది? ఆ మాటలు ఎవరి తల్లివి? మా అమ్మ తిట్లు నువ్వు జనానికి పాడి వినిపిస్తావు, దాని కింద నా పేరు ఉండదు. ఊళ్లో నన్నేమనుకుంటారు?"

ఆ చివరి మాట దగ్గర అతడి గొంతు నిజంగా వణికింది. రేడియోలో వణికినట్టు కాదు. పాట మొత్తం విన్నవాడికి, ఆ గదిలోకి రోజూ ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో అరక్షణంలో తెలిసిపోతుంది. పాస్టరు చూపించిన కొడుకు అందులో ఎక్కడా లేడు. అతడికి కావలసింది పాటలో సగం కాదని, ఆ గదిలో తాను ఉన్నట్టు ఒక సాక్ష్యమని రోండాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఇవ్వాలని అనిపించలేదు. ఇస్తే అది ఇంకొక సగం పేరు మాత్రమే కాదు. ఆ రెండేళ్ల ఉదయాలు కూడా సగం అతడివైపోతాయి. రేపు మైకు ముందు కూర్చుని, తువ్వాలు ఎలా పిండాలో కూడా అతడే చెబుతాడు.

ట్రెంట్ లేచి వెనుక గదికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. రోండా అతడి వెనుక నిలబడింది.

"అమ్మా, పొద్దునపూట నేను నీ దగ్గరికి వస్తుంటాను కదా? రోండా ఉన్నప్పుడు?"

వెర్నా తల తిప్పి కొడుకును చూసింది. తరవాత అతడి భుజం మీదుగా రోండాను చూసింది. ఆవిడకు మతిమరుపు లేదు. ఏ రోజు ఏ దుప్పటి మార్చారో చెప్పగలదు. ఆ చూపులో ఆవిడకు అన్నీ గుర్తున్నాయని, ఏ మాట ఎవరిని కోస్తుందో కొలుచుకుంటోందని రోండా గ్రహించింది.

"ఎందుకు రావు నాయనా. రోజూ వస్తావు" అంది వెర్నా. "అదిగో నీ కుర్చీ."

ఆ కుర్చీ మీద డైపర్ల కట్ట, దాని మీద మలాము సీసా ఉన్నాయి. ట్రెంట్ ఆ వైపు చూడలేదు. తిరిగి రోండాను చూసి, విన్నావా అన్నట్టు చేయి విప్పాడు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అంది వెర్నా, రోండాతో.

ఆ రాత్రి రోండా కోపం కోసం తనలో వెతుక్కుంది. కనబడలేదు. వెర్నా అబద్ధం చెప్పిందని అనుకోవడం తేలిక. కాని కొడుకు ఒక్క రోజూ రాలేదని నోటితో ఒప్పుకోవడం కంటే ఆ ముసలావిడకు ఏ అబద్ధమైనా తక్కువ నొప్పి. ఆ నొప్పిని తగ్గించుకోవడానికి చేతికి దగ్గరగా ఉన్న మనిషిని వాడుకుంది, ఇన్నేళ్లుగా వాడుకున్నట్టే. పాట వినిపించిన రోజున మళ్లీ పాడమన్న మనిషీ, ఈవిడా ఒకరే. దీంట్లో వింత లేదు. వింత ఏమైనా ఉంటే, అలా వినిపిస్తే ఏదో మారుతుందని తాను కొన్ని రోజులు అనుకోవడంలో ఉంది. మరి ట్రెంట్ రోజూ వస్తున్నాడంటే, అతడికి ఆ పనులన్నీ తెలిసి ఉండాలి. ఆమె ఆ వాక్యాన్ని చీకట్లో రెండు వైపులా తిప్పి చూసింది. దానికి ఎక్కడా పగులు లేదు.

శనివారం ఉదయం తెర తీసే వేళకు రోండా గిటారు వ్యానులో పెట్టి, తాళంచెవి చేత్తో పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. ట్రెంట్ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు.

"నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ముందు ఎడమ పక్క తుడవాలి" అంది.

"ఏమిటది?"

"మీ అమ్మకు."

"నాకు ఆ పనులు ఎక్కడ తెలుసు?"

"రోజూ చూస్తున్నావు కదా" అంది రోండా.

అతడికి చేతకాదని ఆమెకు తెలుసు. ఆ చేతకానితనం అనుభవించవలసింది అతడు కాదనీ, కదలలేని మనిషనీ కూడా తెలుసు. తెలిసే వెళ్లింది. మొదటి మలుపు దగ్గర వ్యాను ఆపి, స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చుంది. తరవాత మళ్లీ బయలుదేరింది.

దారిలో ఫోను మోగుతూనే ఉంది. ఒకచోట పెట్రోలు పోసుకుంటూ సందేశాలు విన్నది. మలాము ఎక్కడుందని ట్రెంట్ అడిగాడు. తరవాత, అమ్మ తనను దగ్గరికి రానివ్వడం లేదని, దుప్పటి ఎడమ చేత్తో మెడ దాకా పట్టుకుని వదలడం లేదని చెప్పాడు. ఆ సందేశం వెనుక వెర్నా గొంతు వినబడింది. నువ్వు పో, ఆ పిల్లను పిలువు అంటోంది. నువ్వు నన్నిలా చూడకూడదు అంటోంది. రోండా ఆ సందేశాన్ని మరొకసారి విన్నది. పెట్రోలు గొట్టం తిరిగి తగిలించి, ఫోను ఆపేసింది.

కాఫీ దుకాణంలో ఆమె వంతు వచ్చినప్పుడు, పాట ఎలా వచ్చిందో చెప్పమన్నారు. ఇది నేనూ మా అత్తగారూ కట్టామంది. జనం నవ్వారు. మొదటి చరణానికి కూడా కొందరు నవ్వారు, రెండో చరణానికి తక్కువమంది. చివరి చరణం దగ్గర ఎవరూ నవ్వలేదు, ముందు వరసలో ఒకావిడ చేతిలో కప్పు నోటికీ బల్లకీ మధ్య ఆగిపోయింది. జెనీవా ఆమెను ఆదివారం కూడా ఉండమంది. తన స్నేహితుడి ఇంట్లో మంచి యంత్రాలున్నాయి, పాటను సరిగా రికార్డు చేద్దామంది. ఇంటికి వెళ్లకపోతే అక్కడ ఏమవుతుందో రోండా ఊహించగలదు. ఉండిపోయింది.

సోమవారం ఆమె తిరిగి వచ్చేసరికి వెనుక గదిలో మంచం మీద దుప్పటి లేదు, కిటికీలు తీసి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం ట్రెంట్ ఆంబులెన్సు పిలిచాడు. ఆస్పత్రి నుంచి వెర్నాను జిల్లా కేంద్రంలో మంచాన పడిన వృద్ధులను ఉంచుకుని చూసే నర్సింగ్ హోముకు పంపే ఏర్పాట్లు కూడా చేసేశాడు. అంతా పద్ధతిగానే చేశానన్నాడు. నువ్వు వెళ్లకపోతే ఇలా అయ్యేది కాదన్నాడు. అది నిజమే కాబట్టి ఆమె కాదనలేదు.

పాట కింద వేయడానికి పేర్లు పంపమని జెనీవా అడిగింది; ఇప్పుడు ఒక్క పేరే పంపినా వెర్నా వచ్చి ప్రశ్నించబోదు. రోండా ఒక సాయంత్రం దానిని గురించి ఆలోచించి, రెండు పేర్లు పంపింది. వేసవిలోగా ఆమె బట్టలూ గిటారూ వ్యానులో వేసుకుని నాష్‌విల్ శివార్లలో ఒక టైర్ల కొట్టు వెనుక అద్దె గదికి మారింది. అక్కడ కూడా ఒక బడి వంటశాలలోనే పని దొరికింది. పాత పాటల్లో సగం ట్రెంట్‌కే ఉండిపోయాయి. రొట్టెల బండి పాటను అతడు ఇప్పుడు ఒంటరిగా పాడతాడు, పాడే ముందు ఆ ఆస్పత్రి రాత్రిని గురించి చెబుతాడు.

కొత్త పాట ఆకురాలే కాలంలో వెలువడింది. దాని కింద రోండా స్టాంపర్, వెర్నా స్టాంపర్ అని ఉంది. నర్సింగ్ హోములో నర్సులు దానిని ఫోనులో పెట్టి వెర్నాకు వినిపించారు. ఆ పాట తన కొడుకు కట్టాడని ఆవిడ తన పక్క మంచం మీద ఉన్నావిడకు చెబుతుంది. ట్రెంట్ ఆ గదికి ఇంకా వెళ్లలేదు.